ఏం చదువుతున్నావ్?

"ఏం చదువుతున్నావ్?" అని మనవాళ్ళల్లో ఎవర్నయినా అడిగి చూడండి. "బి.కాం. ఫైనలియర్", "ఎమ్మెస్సీ కెమిస్ట్రీ", "డిగ్రీ అయిపోయిందండీ, గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నా"... జవాబులన్నీ ఈ వరసలోనే వస్తాయి. ఫలానా నవల చదువుతున్నానని చెప్పేవాడు మచ్చుకైనా తగలడు. తప్పు వాళ్ళది కాదు లెండి, మన మాటలదే! 'చదువు' అంటే మనకు కాలేజీ. 'చదువుకున్న కుర్రాడు' అంటే పట్టా పుచ్చుకున్నవాడు. ఎవరూ పరీక్ష పెట్టకుండానే, ఊరికే ఇష్టంకొద్దీ పుస్తకం చదివేవాడికి మన దగ్గర గౌరవమైన పేరే లేదు. 'పుస్తకాల పురుగు' అని ఓ వెక్కిరింత ఉంది, అంతే.

ఈ ప్రశ్న నన్ను రోజుకు రెండుసార్లయినా పలకరిస్తుంది. తార్నాక చౌరస్తాకూ ఉస్మానియా యూనివర్శిటీకీ నడుమ ఓ సందులో, మేడమీద గదిలో అద్దెకుంటున్నాను. పత్రికలకు వ్యాసాలు రాసుకుని బతికే బాపతు. నా పట్టా బి.ఏ.తో ఆగింది. వయసు మాత్రం ఆగలేదు, ముప్ఫై దాటి నడుస్తోంది. సాయంత్రంపూట చేతిలో పుస్తకంతో క్యాంపస్‌లోకి వెళుతుంటే టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు "ఏం చదువుతున్నవన్నా?" అంటారు. నేను పుస్తకం పేరు చెబుతాను. "గది కాదన్నా, ఏ ఎగ్జామ్?" అంటారు!

కాబట్టి పాఠక మిత్రులారా, ఈ వారం షూటింగు కబుర్లకు సెలవు. ఈమధ్య నా సంచీలో తిరుగుతున్న నాలుగు పుస్తకాల సంగతి చెబుతాను. సినిమా పత్రికలో ఈ పుస్తకాల గొడవేమిటని పేజీ తిప్పెయ్యకండి. నాలుగింటికీ వెండితెరతో చుట్టరికముంది. మూడు నవలలు సినిమాలయ్యాయి. నాలుగోది కాలేదు గాని, దాన్ని రాసినాయన స్వయంగా సినిమాలు తీశాడు. ఆయన కొడుకును మీరంతా తెరమీద చూశారు కూడా. ఎవరంటారా? కాస్త ఓపిక పట్టండి, వస్తున్నా!

బిట్లు తెలుసు... కథ?

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో పుట్టింది. పై చదువులన్నీ ఉర్దూలో చెప్పాలని సంకల్పం. మరి పుస్తకాలేవీ? అందుకని అంతకు ముందే, 1917లో, 'దారుల్ తర్జుమా' అని ఓ అనువాదాల శాఖ పెట్టారు. సైన్సు, వైద్యం, న్యాయం, చరిత్ర... అన్నిటినీ ఉర్దూలోకి దించారు. ఈనాడు మనం సెల్ఫీలు దిగే ఆర్ట్స్ కాలేజీ రాతిమేడ తలుపులు తెరుచుకున్నది 1939లో. అంటే ఈ క్యాంపస్‌లో రాయి కంటే ముందు పడింది పుస్తకమన్నమాట! ఆ అనువాద శాఖలో కొలువు చేసిన మహాకవి జోష్ మలీహాబాదీ తర్వాత పూనా వెళ్ళి సినిమాలకు పాటలు రాశారు. క్యాంపస్‌కూ సినిమాకూ దోస్తీ ఆనాటి నుంచే ఉంది.

ఇప్పుడు యూనివర్శిటీ లైబ్రరీకి వెళ్ళండి. తలలు వంచుకుని చదివేవాళ్ళే చదివేవాళ్ళు. ఐతే చాలామంది ముందున్నవి ఆ లైబ్రరీ పుస్తకాలు కావు. బ్యాగులో తెచ్చుకున్న గైడ్లు, నోట్సులు, కోచింగ్ సెంటర్ల మెటీరియలు. బీరువాల్లోని నవలలు బీరువాల్లోనే ఉంటాయి. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు సుమండీ! రెండెకరాలమ్మి పంపించిన నాన్న ఊళ్ళో ఫోను పట్టుకుని కూర్చుంటే, ఏ కుర్రాడికి మాత్రం నవల విప్పబుద్ధవుతుంది?

ఆ మధ్య ఓ సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ మెట్లమీద కూర్చుని చదువుకుంటున్నాను. ఓ కుర్రాడు నా పక్కన చేరి అట్ట వంక చూశాడు. టీకొట్టు దగ్గర ముఖపరిచయం ఉన్నవాడే. చూసీ చూడగానే అందుకున్నాడు.

"జబ్ ఖేత్ జాగే. రచయిత కృష్ణ చందర్. ఉర్దూ నవల. దీని ఆధారంగ తీసిన సినిమా మా భూమి. డైరెక్టర్ గౌతమ్ ఘోష్. ప్రొడ్యూసర్ బి. నర్సింగరావు."

అంతా ఒక్క గుక్కలో! నేను ముచ్చటపడి, "అబ్బో! ఎప్పుడు చదివావ్ తమ్ముడూ?" అన్నాను.

"చదవలేదన్నా. బిట్ తెలుసు."

"సినిమా చూశావా పోనీ?"

"లే. గని ఎగ్జామ్‌ల పక్కా వస్తది."

కాసేపు నా చేతిలో పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ తర్వాత చాలా మర్యాదగా, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు: "గింత పుస్తకం మొత్తం చదివితే ఏమొస్తదన్నా?"

చూశారా, ఎంత సూటి ప్రశ్నో! జ్ఞానం వస్తుంది, సంస్కారం వస్తుంది అని చెప్పి తప్పించుకోవచ్చు. స్కూలు వార్షికోత్సవాల్లో అలాగే చెబుతారు. కాని మూడేళ్ళుగా నోటిఫికేషన్ల కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్న కుర్రాడికి అలాంటి జవాబు చెబితే నవ్విపోతాడు. అంచేత నేను జవాబు చెప్పలేదు. అప్పట్నుంచీ ఏ పుస్తకం పట్టుకున్నా ఆ కుర్రాడి ప్రశ్న నా పక్కనే కూర్చుంటోంది. ఇక పుస్తకాల్లోకి వెళదాం.

తెల్లారితే ఉరి

'జబ్ ఖేత్ జాగే' అంటే 'పొలాలు మేలుకున్నప్పుడు' అని అర్థం. తెలంగాణ సాయుధ పోరాటం మీద కృష్ణ చందర్ ఉర్దూలో రాసిన నవల. నా దగ్గరున్నది నాగరి లిపిలో అచ్చయిన ప్రతి. నా హిందీ సినిమా హిందీయే గనుక, కొరుకుడు పడని మాట వచ్చినప్పుడల్లా మేడ దిగి ఇంటి ఓనరు గారి దగ్గరకు వెళతాను. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన పెద్దమనిషి. ఎనభై దగ్గర పడుతున్నా ఉర్దూ మాట వినబడితే చాలు, కుర్చీలో నిటారుగా కూర్చుంటారు.

'మా భూమి' 1980లో విడుదలైంది. గౌతమ్ ఘోష్‌కు అదే మొదటి కథాచిత్రం. సినిమాలో కథ ఊళ్ళోంచి మొదలవుతుంది. రామయ్య అనే కుర్రాడి వెంట మనం నడుస్తాం. దొర గడీ, వెట్టిచాకిరీ, ఊరు విడిచి హైదరాబాదు చేరడం... ఒకటొకటిగా అతనితోపాటే చూస్తాం. తర్వాతేమవుతుందో అతనికీ తెలీదు, మనకూ తెలీదు.

నవల అలా కాదు. నవల్లో కథానాయకుడి పేరు రాఘవరావు. అతను జైలుకొట్లో ఉన్నాడు. తెల్లారితే ఉరి. ఆ ఒక్క రాత్రి తన బతుకంతా వెనక్కి తలుచుకుంటాడు. అదీ నవల!

ముగింపు ముందే చెప్పేశాక ఇంకేముంటుంది చదవడానికి, అనిపిస్తుంది కదూ? నాకూ అలాగే అనిపించింది. పది పేజీలు గడిచాక సంగతి బోధపడింది. ఇక్కడ మనం 'తర్వాతేమవుతుంది' అని చదవం. ఒక్క రాత్రి మాత్రమే మిగిలినవాడు దేన్ని తలుచుకుంటాడు, దేన్ని వదిలేస్తాడు అని చదువుతాం. చిన్న సంగతి తలుచుకుంటే కూడా గుండె పట్టేస్తుంది, దానికతను ఖర్చు పెడుతున్నది ఎంత విలువైన కాలమో మనకు తెలుసు గనుక. నాలుగు పేజీలు చదవడం, పుస్తకం మూసి కిటికీలోంచి మెట్రో రైలు చూడడం... ఇలాగే సాగింది నా చదువు.

ఇవన్నీ చెబితే ఓనరు గారు నవ్వి, "నేను నవల సదవలే బాబూ. పిక్చర్ చూసిన. రాత్రి డ్యూటీ దిగి, సక్కగ టాకీసుకే పోయినం, పొద్దుగాల ఆటకు. కండ్లు మండుతున్నయి, నిద్ర మాత్రం రాలే," అన్నారు.

సినిమాలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఒకటుంది. హైదరాబాదు ఫ్యాక్టరీలో చేరిన రామయ్యకు మక్బూల్ అనే కార్మిక నాయకుడు అక్షరాలు నేర్పుతాడు. ఆలోచించండి, ఆ అక్షరాలతో రామయ్య ఏ పరీక్ష రాశాడు? ఏ ఉద్యోగం సంపాదించాడు? ఏదీ లేదు. తన ఊళ్ళో జరుగుతున్నది ఎందుకు జరుగుతోందో అర్థం చేసుకుని, ఆ ఊరికే తిరిగి వెళ్ళాడు. మా తమ్ముడి బిట్లో లేనిది సరిగ్గా ఈ 'ఎందుకు' అనే ముక్కే! ఎవరు రాశారు, ఎవరు తీశారు, ఏ సంవత్సరం... ఇవన్నీ నాలుగు ఆప్షన్లలో ఇరుకుతాయి. 'ఎందుకు' ఇరకదు.

'ఫిదా' నాన్నగారి నాన్నగారు

'మా భూమి' రామయ్యగా నటించిన సాయిచంద్ గారిని మీరు గుర్తుపడతారో లేదో! 'ఫిదా' (2017) చూశారు కదా? అందులో భానుమతికి, అంటే సాయిపల్లవికి, నాన్న. కూతురు ఇల్లు వదిలి వెళ్ళిపోతుందంటే కళ్ళనిండా నీళ్ళు నింపుకున్న ఆయనే! ఆ పెద్దమనిషే నలభై ఏళ్ళనాటి మన రామయ్య.

సాయిచంద్ గారి తండ్రి త్రిపురనేని గోపీచంద్. కథకుడు, నవలాకారుడు. 1939లో వచ్చిన 'రైతుబిడ్డ'కు మాటలు రాశారు. 'లక్ష్మమ్మ' (1950), 'పేరంటాలు' (1951), 'ప్రియురాలు' (1952) సినిమాలకు దర్శకత్వం వహించారు. ఆయన నవల 'అసమర్థుని జీవయాత్ర' నా సంచీలో రెండో పుస్తకం. తెలుగులో మనస్తత్వ నవలలకు మొదటిదని దీనికి పేరు.

కథ చెప్పమంటే నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. సీతారామారావు అని ఓ కలిగినింటి బిడ్డ. వంశప్రతిష్ఠ అనే మూట నెత్తిమీద పెట్టుకుని పుట్టాడు. ఆ ప్రతిష్ఠ కోసం ఉన్నదంతా ఖర్చుపెట్టేశాడు. ఉద్యోగం నిలుపుకోలేడు, ఇల్లాలిని సుఖపెట్టలేడు, పోయినదాన్ని మరిచిపోలేడు. ప్రతిదానికీ లోకాన్ని తిడతాడు. చివరికి శ్మశానం దారి పడతాడు. ఇందులో ఏముందీ అంటారా? ఉన్నదంతా వాడి బుర్రలో ఉంది! ప్రతి పనికీ వాడు తనతో తానే ఓ వాదన పెట్టుకుంటాడు. ఆ వాదన ఎంత పకడ్బందీగా ఉంటుందంటే, చదివే మనం కూడా "నిజమే కదా!" అనేస్తాం. ఓ పేజీ తిరిగేసరికి వాడు గోతిలో ఉంటాడు, వాడి వెంట తలూపుతూ మనమూ ఉంటాం!

మనస్సులో మాట చెప్పొద్దూ? జీతం లేని బతుకు నాది. ఓ నెల చెక్కు వస్తుంది, ఓ నెల రాదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా "ఏదో ఒకటి చూసుకోరాదా?" అంటుంది మా అమ్మ. ఎందుకు చూసుకోవడం లేదో నా దగ్గర చక్కటి వాదన ఉంది. సీతారామారావు వాదనలు చదువుతుంటే నా గొంతు నాకే వినబడింది. రెండురోజులు ఆ పుస్తకాన్ని తలగడ కింద దాచేశాను.

సరిగ్గా అప్పుడే మన బిట్ల తమ్ముడు మళ్ళీ తగిలాడు. చేతిలో పుస్తకం పేరు చూసి మొహం మాడ్చుకున్నాడు. "అసమర్థుడా? గిది నా మీదనే రాసిండ్రా ఏందన్నా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ నవ్వు నాకు నచ్చలేదు. చెల్లెలి పెళ్ళి కుదిరిందట. ఊరికి పొమ్మంటే భయమేస్తోందట. పెళ్ళిలో ప్రతివాడూ అడిగేది ఒకటే: "ఇంకా చదువుతున్నవా?" పుస్తకం ఇమ్మన్నాడు. ఇవ్వాలా వద్దా అని కాసేపు ఊగిసలాడాను. ఆ ముగింపు ఎలాంటిదో తెలుసు గనుక. "రెండు షరతులు. ఒక్కడివే రాత్రిపూట చదవొద్దు. అయ్యాక నాతో టీ తాగాలి," అన్నాను.

పదకొండో రోజున తార్నాక టీకొట్టు దగ్గరకు వచ్చాడు. నేను బిట్లు వింటానేమో అనుకున్నా. రచయిత పేరెత్తితే ఒట్టు!

"అన్నా, గా సీతారామారావు పైసలు పోయినందుకు ఆగం కాలే. గా మనిషి ఎవ్వల ముంగట కూడ 'నాతోని అయితలేదు, జర సాయం చెయ్యుండ్రి' అనలే. ఎందుకనలేదన్నా?"

చూశారా! మూడేళ్ళలో మొదటిసారి ఆ కుర్రాడు జవాబు కాక ప్రశ్న పట్టుకొచ్చాడు! గోపీచంద్ ఈ నవలను, ప్రశ్నించడం నేర్పిన తన తండ్రికి అంకితమిచ్చారు. ఆ తండ్రి కవిరాజు త్రిపురనేని రామస్వామి. ఆ ముక్క చెబితే తమ్ముడు చాలాసేపు టీగ్లాసు వంకే చూశాడు. ఆ వారమే చెల్లెలి పెళ్ళికి వెళ్ళాడు. "ఇంకా చదువుతున్నవా?" అన్నవాళ్ళకు, "అవు, చదువుతున్న" అని మొహం చూసి చెప్పానని ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్న దగ్గర కూర్చుని, ఈ ఏడాది రాకపోతే ఏం చేద్దామని ఇద్దరూ మాట్లాడుకున్నారట. ఉద్యోగం వచ్చిందా అంటారేమో, ఇంకా రాలేదు. పుస్తకాలు చదివితే ఉద్యోగాలొస్తాయని నేను చెప్పడంలేదు. తండ్రీకొడుకులు మాట్లాడుకున్నారని మాత్రం చెబుతున్నాను.

ఎవరి రాజశేఖరం వాళ్ళది!

కాస్త బరువెక్కినట్టుంది కదూ? ఐతే మూడో పుస్తకం తీస్తున్నా. ఇది మా ఓనరమ్మ గారిది. శ్రీమతి యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'!

ఈ నవల అరవైల నడుమ 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. తర్వాత పుస్తకమై ఎన్ని ముద్రణలు పడిందో! అద్దె పుస్తకాల షాపుల్లో అమ్మాయిలు ముందుగా పేరు రాయించుకుని మరీ తీసుకెళ్ళేవారట. 1976లో డి. రామానాయుడు గారు కె.ఎస్. ప్రకాశరావు గారి దర్శకత్వంలో సినిమాగా తీశారు. నటసామ్రాట్ అక్కినేని రాజశేఖరం, కళాభినేత్రి వాణిశ్రీ జయంతి. ఇక చెప్పేదేముంది!

ఓనరమ్మ గారికి డెబ్బై దాటాయి. ఈ నవల పేరెత్తితే చాలు, పాతికేళ్ళ పడుచైపోతారు. "సినిమా బాగనే తీసిండ్రు బాబూ. నాగేశ్వర్రావు కూడ మంచిగనే చేసిండు. గని నా రాజశేఖరం గాయన కాదు!" అన్నారు. మరి మీ రాజశేఖరం ఎవరమ్మా అంటే, వంటింటి గుమ్మంలో ఉన్న ఓనరు గారి వంక ఓరగా చూసి, "గది నీకెందుకు?" అని నవ్వేశారు!

అక్కడుంది కిటుకంతా! తెరమీద రాజశేఖరం ఒక్కడే ఉంటాడు, అందరికీ ఆయనే. నవల్లో ఎంతమంది పాఠకులో అంతమంది రాజశేఖరాలు. సినిమాకు దర్శకుడు వేరే ఉన్నాడు. పుస్తకానికి దర్శకుడు, కెమెరామన్, ఆర్ట్ డైరెక్టర్ అన్నీ మీరే. పైగా డేట్ల గొడవ లేదు, బడ్జెట్ గొడవ లేదు!

నా సంగతి చెప్పాలంటే, రాజశేఖరం కంటే నన్ను జయంతి పట్టేసింది. బామ్మతో పెంకుటింట్లో ఉంటూ, కుటుంబం గడవడానికి సెక్రటరీ ఉద్యోగంలో చేరిన అమ్మాయి. ఆత్మాభిమానం తప్ప ఆస్తి లేదు. ఈ రోజు చదువుతుంటే కొన్నిచోట్ల చిరాకూ వేసింది. పెద్ద కారు, పెద్ద మేడ ఉన్న మగవాడు కొంటెగా ఏడిపించడమే ప్రేమ అంటే ఇప్పటి అమ్మాయిలు ఒప్పుకుంటారా? తార్నాక హాస్టళ్ళలో ఉండి ఉద్యోగాలు చేసుకుంటున్న చెల్లెళ్ళు చదివి చెప్పాలి. కాని ఓ మాట: ఆడపిల్ల ఆఫీసుకెళ్ళడమే వింతగా చూసే రోజుల్లో, ఆఫీసుకెళ్ళే ఆడపిల్లను కథానాయికను చేసి ఇంటింటా కూర్చోబెట్టారు సులోచనారాణి గారు. ఆమె 2018లో కన్నుమూశారు. ఆమె నవల 'మీనా' 1973లో విజయనిర్మల గారి దర్శకత్వంలో సినిమా అయింది. మీలో చాలామంది చూసిన 'అ ఆ' (2016) మూలాలు కూడా ఆ నవల్లోనే దొరుకుతాయి. ఈసారి 'అ ఆ' టీవీలో వచ్చినప్పుడు, ముందు నవల చదివి ఆ తర్వాత చూడండి, మజా వేరుగా ఉంటుంది.

మాట్లాడుకోని వాళ్ళకు మాటలు

నాలుగో పుస్తకం ఇంకా సగంలోనే ఉన్నాను. విశ్వనాథ సత్యనారాయణ గారి 'ఏకవీర'. నాయకరాజుల నాటి మధుర కథ. ప్రాణస్నేహితులిద్దరు, కుట్టాన్ సేతుపతి, వీరభూపతి. ఒకరు మనసిచ్చిన పిల్ల రెండోవాడికి భార్యగా వస్తుంది, ఆ సంగతి ఒకరిది ఒకరికి తెలీదు. ఇంతకంటే గొప్ప సినిమా ముడి ఉంటుందా చెప్పండి! 1969లో సి.ఎస్. రావు గారు తీశారు. ఎన్.టి.ఆర్., కాంతారావు, కె.ఆర్. విజయ, జమున. ఆ చిత్రానికి సంభాషణలు రాసింది మన ఉస్మానియా తెలుగు ఆచార్యులు డాక్టర్ సి. నారాయణ రెడ్డి గారు!

సి.నా.రె. గారు ఉర్దూ మాధ్యమంలో చదువుకుని, ఇదే యూనివర్శిటీలో తెలుగు ఎం.ఏ., పిహెచ్.డి. చేసి, ఇక్కడే పాఠాలు చెప్పారు. 1962లో 'గులేబకావళి కథ'తో పాటల రచయితగా సినిమాల్లోకి వెళ్ళారు. ఇంకో సరదా: తెలుగులో మొదటి జ్ఞానపీఠ పురస్కారం 1970కి విశ్వనాథ వారిది, రెండోది 1988కి సి.నా.రె. గారిది. అంటే మొదటి జ్ఞానపీఠం గారి నవలకు రెండో జ్ఞానపీఠం గారు మాటలు రాశారన్నమాట! తమ్ముళ్ళూ, ఇదిగో మీకో బిట్. రాసి పెట్టుకోండి.

బిట్ అయింది గదా, మరి చదివితే ఏం తెలిసింది? ఇందులో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోరు! ఒకే కప్పు కింద ఉంటారు, ఒకరి మనసు ఒకరికి చెప్పుకోరు. నవల బలమంతా ఆ మౌనంలో ఉంది. విశ్వనాథ వారు ఆ మౌనాన్ని పేజీలకు పేజీలు వర్ణిస్తారు. సినిమాలో అలా కుదరదే! మాట్లాడుకోని వాళ్ళకు మాటలు రాయాలి. ఆ పని నెత్తిన పడిన సి.నా.రె. గారు ఎన్ని కాగితాలు చింపేసి ఉంటారో అని ఆర్ట్స్ కాలేజీ వరండాలో నడిచినప్పుడల్లా అనుకుంటాను. భాష మొదట ఇరవై పేజీలు కొరుకుడు పడదు, నిఘంటువు పక్కన పెట్టుకున్నాను. ఆ తర్వాత దానంతటదే చేయి పట్టుకుని నడిపిస్తోంది. మిగతా సగం అయ్యాక మళ్ళీ చెబుతాను.

ఇంతకీ ఏమొస్తది?

మనం సినిమా పిచ్చివాళ్ళం కూడా బిట్ల బాపతే, కాదంటారా? ఏ సినిమా ఎన్ని కేంద్రాల్లో ఆడింది, మొదటిరోజు ఎంత వచ్చింది, హీరో గారికిది ఎన్నో చిత్రం... నిద్రలో లేపి అడిగినా చెబుతాం. ఆ కథ ఎవరి బుర్రలో పుట్టిందో మాత్రం అడగం. తెలిసిన పుస్తకం వేరు, చదివిన పుస్తకం వేరు. పోస్టరు చూసినవాడు సినిమా చూసినట్టు కాదు గదా!

తమ్ముడి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదీ. పుస్తకం చదివితే మన దగ్గర లేని ఓ ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న పట్టుకుని ఇంకో మనిషి దగ్గరికి వెళతాం. అంతకుమించి ఏమైనా వస్తే అది లాభం.

ఎక్కడ మొదలుపెట్టాలంటారా? మీకిష్టమైన సినిమాతోనే మొదలుపెట్టండి. లావు పుస్తకాలంటే భయమైతే కథలున్నాయి. మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' (1977)కు మూలం ప్రేమ్‌చంద్ 'కఫన్'. ఓ సిటీబస్సు ప్రయాణంలో అయిపోయే కథ. దిగాక మాత్రం వారంరోజులు వదలదు. ఇంద్రగంటి మోహనకృష్ణ 'గ్రహణం' (2004)కు మూలం చలం కథ 'దోషగుణం'. హుషారుగా కావాలంటే చిరంజీవి 'చంటబ్బాయ్' (1986)కు మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల, 'అభిలాష' (1983)కు యండమూరి వీరేంద్రనాథ్ నవల ఉండనే ఉన్నాయి. 1955 'కన్యాశుల్కం'లో ఎన్.టి.ఆర్. గిరీశాన్ని చూసి నవ్వుకున్నవాళ్ళు గురజాడ నాటకం విప్పితే ఇంకో నాలుగింతలు నవ్వుకుంటారు. డబ్బుల్లేవంటారా? ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కు వెళ్ళండి. బేరమాడే ఓపికుంటే సంచీ నిండుతుంది. కొత్తవి కావాలంటే కాచిగూడ నవోదయ ఉంది. ఊరికే చదవాలంటే అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయం ఉంది. క్యాంపస్‌లో ఉన్నవాళ్ళకు మీ లైబ్రరీ బీరువాలే ఉన్నాయి, తాళం వేసుకుని మీ కోసం చూస్తున్నాయి.

మీరిప్పుడు చదువుతున్న పుస్తకం గురించి ఓ కార్డు ముక్క రాసి పడెయ్యండి. రచయిత పేరు, సంవత్సరం, అవార్డులు... అవేవీ వద్దు. ఏ పేజీ దగ్గర ఆగిపోయారో, ఎందుకు ఆగారో రాయండి చాలు. మంచివి ఏరి ఈ పేజీలోనే వేయిస్తాను. పాఠ్యపుస్తకాల మీద రాసేవాళ్ళకు మాత్రం ముందే చెబుతున్నా, అవి బుట్టదాఖలే!